వాన నీటికీ పర్మిట్ కావాల్సిందే.. అమెరికా నగరాల్లో ఇసుక ఫిల్టర్ల లెక్క ఏంటో తెలుసా?

ఫ్యాక్టరీ పైపులోంచి వచ్చే మురుగు నీటికి అనుమతి కావాలంటే ఎవరికైనా అర్థమవుతుంది. కానీ పార్కింగ్ స్థలం మీద పడి కాల్వలోకి పోయే వాన నీటికి కూడా అనుమతి కావాలంటే? అమెరికాలో ఇప్పుడు అదే నడుస్తోంది. ఆ అనుమతి దక్కాలంటే నీటిని శుభ్రం చేసి వదలాలి. అందుకు అక్కడి ఇంజినీర్లు వాడుతున్న సాధనాల్లో ఒకటి చాలా మామూలు వస్తువు.. ఇసుక. అయితే ఇసుక పోస్తే పనైపోదు. ఎంత నీటికి ఎంత ఇసుక, ఎన్ని గంటల్లో దిగాలి, పైన పేరుకున్న బురదను ఎవరు తీయాలి.. అన్నింటికీ లెక్కలున్నాయి. అవేంటో చూద్దాం.

వాన నీటికి పర్మిట్ ఎందుకు?

అమెరికాలో 1972లో వచ్చిన క్లీన్ వాటర్ యాక్ట్ ప్రకారం పైపు, కాల్వ లాంటి నిర్దిష్ట మార్గం గుండా కలుషిత నీటిని నదుల్లోకి వదలాలంటే పర్మిట్ తప్పనిసరి. దీన్నే ఎన్‌పీడీఈఎస్ పర్మిట్ అంటారు. మొదట్లో దృష్టంతా ఫ్యాక్టరీలు, మురుగు శుద్ధి కేంద్రాల మీదే ఉండేది. ఆ తర్వాత అసలు సంగతి బయటపడింది. రోడ్ల మీద టైర్ల పొడి, ఇంజిన్ ఆయిల్, బ్రేకుల నుంచి రాలే లోహపు రజను, లాన్లకు చల్లే ఎరువులు.. వాన పడగానే ఇవన్నీ కొట్టుకుపోయి వాగుల్లో చేరుతున్నాయి.

దాంతో 1987లో చట్టాన్ని సవరించారు. 1990 నిబంధనలతో లక్ష, అంతకు మించి జనాభా ఉన్న నగరాల వాన కాల్వలు పర్మిట్ కిందకు వచ్చాయి. 1999లో చిన్న పట్టణ ప్రాంతాలనూ చేర్చారు. ఎకరం, ఆపైన నేలను తవ్వే నిర్మాణాలకూ పర్మిట్ తప్పనిసరైంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కాల్వల పర్మిట్ ఉండేది నగరం చేతిలో. నగరం ఆ బాధ్యతను తన నిర్మాణ నిబంధనల ద్వారా బిల్డర్ల మీద పెడుతుంది. అందుకే ఒక షాపింగ్ కాంప్లెక్స్ కట్టాలంటే భవనం ప్లాన్‌తో పాటు వాన నీటి శుద్ధి ప్లాన్ కూడా చూపించాలి.

ఆస్టిన్‌తో ఏంటి సంబంధం?

ఇసుక ఫిల్టర్ల పేరెత్తితే ఇంజినీర్లకు ముందు గుర్తొచ్చే ఊరు టెక్సస్ రాజధాని ఆస్టిన్. రెండు తొట్ల పద్ధతిని అక్కడి పేరుతోనే ఆస్టిన్ సాండ్ ఫిల్టర్ అని పిలుస్తారు.

ఆ ఊరికి అంత పట్టింపు ఉండటానికి కారణం బార్టన్ స్ప్రింగ్స్. నగరం మధ్యలో ఉన్న సహజమైన ఊట అది. దాని నీటితోనే 3 ఎకరాల ఈత కొలను నడుస్తోంది. ఆ ఊటకు నీరందించేది ఎడ్వర్డ్స్ భూగర్భ జలాశయం. అది సున్నపురాయి పొరల్లో ఉంటుంది. ఆ రాయి నిండా పగుళ్లు, సొరంగాలే. అంటే మట్టి వడకట్టే అవకాశం పెద్దగా లేకుండానే పైన పడ్డ మురికి నేరుగా కిందకు దిగిపోతుంది. ఇక్కడ కనిపించే బార్టన్ స్ప్రింగ్స్ సాలమాండర్ అనే చిన్న జీవిని 1997లో అంతరించిపోయే ప్రమాదమున్న జాతుల జాబితాలో చేర్చారు. అంతకు ముందే 1992లో ఊటను కాపాడాలంటూ అక్కడి ఓటర్లు ప్రత్యేక ఆర్డినెన్స్‌ను ఆమోదించారు.

ఫిల్టర్ ఎలా పనిచేస్తుంది?

చూడ్డానికి ఇదొక గోడలు కట్టిన గొయ్యి. వాన లేనప్పుడు ఎండిపోయి ఉంటుంది. ఆస్టిన్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. కమ్యూనిటీ చివర కంచె వేసి, అడుగున ఇసుక కనిపించే ఖాళీ గొయ్యిని చూసిన వాళ్లు ఉండే ఉంటారు. అది వృథా స్థలం కాదు, పర్మిట్ షరతు.

వాన మొదలైనప్పుడు వచ్చే తొలి నీటిలోనే సాధారణంగా మురికి ఎక్కువగా ఉంటుంది. ఆ నీరు ముందుగా సెడిమెంటేషన్ తొట్టిలోకి వెళ్తుంది. బరువైన మట్టి, చెత్త అక్కడే అడుగుకు చేరతాయి. తర్వాత నీరు ఇసుక పడక మీదకు వస్తుంది. ఇసుక మందం 18 అంగుళాలు. దాని కింద కంకర, కంకరలో చిల్లులున్న పైపులు. ఇసుకలోంచి దిగిన నీటిని ఆ పైపులు వాగులోకి పంపుతాయి. కుండపోత వాన వస్తే తొట్టి సామర్థ్యానికి మించిన నీరు పక్క దారిలో వెళ్లిపోతుంది. భూగర్భ జలాశయం మీద కట్టేటప్పుడు శుద్ధికాని నీరు నేలలోకి ఇంకకుండా అడుగున లైనర్ కూడా వేస్తారు.

ఒక్క ఎకరానికి లెక్క ఇదీ..

డిజైన్‌లో మొదటి ప్రశ్న.. ఎంత నీటిని శుద్ధి చేయాలి? ఆస్టిన్ సూత్రం సులువుగానే ఉంటుంది. కనీసం అర అంగుళం వాన నీటిని పట్టుకోవాలి. స్థలంలో కాంక్రీట్, తారు, కప్పు లాంటి నీరు ఇంకని భాగం 20 శాతం దాటితే, దాటిన ప్రతి 10 శాతానికీ మరో 0.1 అంగుళం కలపాలి.

ఉదాహరణకు ఎకరం స్థలంలో 80 శాతం కాంక్రీట్, కప్పు ఉన్నాయనుకుందాం. అర అంగుళానికి 0.6 కలిపితే 1.1 అంగుళాలు. ఎకరం మీద అంత నీరంటే 3,993 ఘనపు అడుగులు.. దాదాపు లక్షా 13 వేల లీటర్లు. మన దగ్గరి 5 వేల లీటర్ల ట్యాంకర్లతో కొలిస్తే 22కు పైనే.

రెండో ప్రశ్న.. ఇసుక ఎంత విస్తీర్ణంలో ఉండాలి? ఈ నీరంతా 48 గంటల్లో ఇసుకలోంచి దిగాలి. మరో వాన వచ్చేలోపు ఫిల్టర్ ఖాళీ అవ్వాలి కదా. ఇసుకలో నీరు దిగే వేగాన్ని బట్టి డార్సీ సూత్రంతో విస్తీర్ణం తేలుస్తారు. అసలు కిటుకు ఇక్కడే ఉంది.

కొత్త ఇసుకలో నీరు చకచకా దిగుతుంది. కానీ డిజైన్‌లో ఆ వేగాన్ని తీసుకోరు. దానికన్నా బాగా తక్కువగా, రోజుకు 3.5 అడుగులు అని లెక్కేస్తారు. అదీ నీరంతా ముందు పెద్ద సెడిమెంటేషన్ తొట్టిలో నిలిచి, తేరుకుని, మెల్లగా ఇసుక మీదకు వచ్చే పద్ధతిలోనే. స్థలం చాలదని ఆ తొట్టిని చిన్నది చేస్తే మురికి ఎక్కువగా ఇసుక మీదకే వస్తుంది. అందుకే అప్పుడు రోజుకు 2 అడుగులే లెక్క.

ఇసుక మీద గరిష్ఠంగా 3 అడుగుల నీరు నిలుస్తుందనుకుంటే, పెద్ద తొట్టి కట్టినప్పుడు 285 చదరపు అడుగుల ఇసుక సరిపోతుంది. అంటే సుమారు 32 గజాలు. చిన్న తొట్టితో సరిపెడితే 499 చదరపు అడుగులు.. సుమారు 55 గజాలు కావాలి. అంటే ఇసుక మూసుకుపోతుందన్న విషయాన్ని సూత్రమే ముందుగా ఒప్పుకుంటోంది. మురికిని ముందే ఆపకపోతే దానికి తగ్గ మూల్యం ఇసుక విస్తీర్ణంలో చెల్లించమంటోంది.

నీరు తనంతట తానే కిందకు దిగాలి కాబట్టి లోపలికి వచ్చే పైపుకూ, బయటకు పోయే పైపుకూ మధ్య కొన్ని అడుగుల ఎత్తు తేడా ఉండాలి. చదునైన, ఇరుకైన స్థలాల్లో అది కుదరదు. అలాంటి చోట పార్కింగ్ అంచున భూమి లోపల కట్టే డెలావేర్ రకం ఫిల్టర్లు వాడతారు.

80 శాతం అంటే ఏంటి?

ఎడ్వర్డ్స్ జలాశయం మీద కట్టే నిర్మాణాలకు టెక్సస్ రాష్ట్ర నిబంధన ఒకటుంది. నిర్మాణం వల్ల అదనంగా వచ్చే తేలియాడే ఘన కణాల్లో 80 శాతం తొలగించాలి. సరిగా కట్టిన ఇసుక ఫిల్టర్ ఈ గీతను దాటగలదు. మట్టి రేణువులకు అంటుకుని వచ్చే లోహాలు, భాస్వరం కూడా చాలావరకు ఇసుకలోనే ఆగిపోతాయి.

అయితే నీటిలో కరిగిపోయిన వాటి సంగతి వేరు. ముఖ్యంగా నైట్రేట్‌ను ఇసుక ఆపలేదు. పైగా ఇసుకలో చిక్కుకున్న ఆకులు, అలముల్లోని నత్రజనిని అక్కడి బ్యాక్టీరియా నైట్రేట్‌గా మారుస్తుంది. దాంతో లోపలికి వచ్చిన దానికన్నా బయటకు పోయే నీటిలోనే నైట్రేట్ ఎక్కువగా కనిపించడం కూడా ఉంది. కరిగిన భాస్వరం కోసం మిన్నెసోటాలో ఇసుకకు బరువులో 5 శాతం దాకా ఇనుప రజను కలిపే పద్ధతి తెచ్చారు. తుప్పు పట్టిన ఇనుము భాస్వరాన్ని పట్టుకుంటుంది.

అందుకే పర్మిట్ ఏ కాలుష్యాన్ని తగ్గించమంటోందో ముందు చూసుకోవాలి. 1992 ఆర్డినెన్స్ వర్తించే ప్రాంతంలో కాలుష్యం అసలు పెరగకూడదన్నది షరతు. అక్కడ ఇసుక ఫిల్టర్ ఒక్కటే సరిపోదు. నీటిని నిల్వ చేసి, పచ్చిక నేలకు పారించే పద్ధతి ఎక్కువగా వాడతారు.

దెబ్బతినేది ఎక్కడంటే..

ఫిల్టర్‌కు మొదటి గండం నిర్మాణ సమయంలోనే ఉంటుంది. చుట్టూ మట్టి తవ్వి వదిలేసి, గడ్డి కూడా మొలవకముందే ఇసుక పోసి నీరు వదిలితే, రెండు మూడు వానలకే పైపొర బురదతో మూసుకుపోతుంది. అందుకే స్థలమంతా కుదురుకున్నాకే ఫిల్టర్‌ను వాడకంలోకి తేవాలి.

ఇక ఆ తర్వాత నిర్వహణ. మురికి ఎక్కువగా ఇసుక పై కొన్ని అంగుళాల్లోనే పేరుకుంటుంది. ఆస్టిన్‌లో బురద పొర అర అంగుళం దాటితే తీసేయాలి. అప్పటికీ నీరు దిగకపోతే పై ఇసుకను తవ్వి కొత్తది పోయాలి. నీరు దిగే వేగం లెక్కేసిన దానిలో సగానికి పడిపోతే 48 గంటల పని 96 గంటలకు చేరుతుంది. నీరు అలా రోజుల తరబడి నిలిస్తే దోమలకు నిలయమవుతుంది. తర్వాతి వాన వచ్చేసరికి తొట్టి నిండుగానే ఉంటుంది కాబట్టి కొత్త మురికి నీరు శుద్ధి కాకుండానే పక్క దారిలో వాగులోకి పోతుంది. కాగితం మీద ఫిల్టర్ ఉంటుంది, వాగుకు మాత్రం లాభం ఉండదు.

ఆస్టిన్‌లో ఇళ్ల కాలనీల ఫిల్టర్లను నగరమే చూసుకుంటుంది. వాణిజ్య స్థలాల్లో ఉన్నవాటి బాధ్యత యజమానిది. బిల్డర్ అమ్మేసి వెళ్లిపోయినా, కొన్నవారికి ఆ బాధ్యత తప్పదు. స్థలం కొనేటప్పుడు చాలామంది గమనించనిది ఇదే.

మన ఇంకుడు గుంతలకూ ఇదే పాఠం

తెలుగు రాష్ట్రాల్లో ఇంటింటా తవ్వుకోమంటున్న ఇంకుడు గుంతల్లోనూ రాళ్లు, కంకర, ఇసుక పొరలే ఉంటాయి. ఉద్దేశం వేరు.. మనం నీటిని నేలలోకి దించుతాం, వాళ్లు వడకట్టి వాగులోకి వదులుతారు. కానీ రెండింటికీ జబ్బు ఒక్కటే. పైన ఒండ్రు పేరుకుంటే నీరు దిగదు.

గుంతకు ముందు మట్టి ఆగేందుకు చిన్న తొట్టి ఉందా, వానాకాలానికి ముందు పై ఇసుక కడిగారా లేదా మార్చారా, వాన వెలిశాక నీరు ఎన్ని గంటల్లో దిగుతోంది.. ఈ మూడూ చూసుకుంటే చాలు. ఇంజినీరు అవసరం లేకుండానే గుంత పనిచేస్తోందో లేదో ఇంటివాళ్లకే తెలిసిపోతుంది.