హోమర్ నల్లబల్ల, మన గారె, మల్లన పద్యం

కార్టూన్ కామెడీ చూసి నవ్వుకుని లేచిపోతాం. అమెరికా టీవీలో 1989 నుంచి వస్తున్న 'ద సింప్సన్స్', 1999లో మొదలైన 'ఫ్యూచురామా' మాత్రం కాస్త ఆగి చూడాల్సినవి. వాటి రచయితల్లో గణితం, భౌతికశాస్త్రం పెద్ద చదువులు చదివినవాళ్లున్నారు. బొమ్మల వెనక గోడల మీద, బళ్ల నంబర్లలో వాళ్లు అసలు సిసలు లెక్కలు దాచిపెట్టారు. వాటిలో కొన్నింటిని ఏలూరులో ఎనిమిదో తరగతి చదివే పిల్ల కూడా కాగితం మీద తేల్చేయగలదు.

◆ కొల్లేట్లో హిగ్స్

1998లో వచ్చిన ఒక సింప్సన్స్ ఎపిసోడ్‌లో హోమర్ సింప్సన్ నల్లబల్ల మీద ఒక సమీకరణం రాస్తాడు. అది హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశిని లెక్కకట్టే ప్రయత్నం. రచయిత డేవిడ్ ఎక్స్. కోహెన్‌కు దాన్ని అందించింది ఆయన మిత్రుడైన ఖగోళశాస్త్రవేత్త డేవిడ్ షిమినోవిచ్. లెక్క చేస్తే సుమారు 775 గిగా ఎలక్ట్రాన్ వోల్టులు వస్తాయి. 14 ఏళ్ల తర్వాత, 2012 జులై 4న సెర్న్ ప్రకటించిన కణం బరువు సుమారు 125. గురి తప్పింది, కానీ వేట నిజమైనదే.

ఆ కణం వెనకున్న హిగ్స్ క్షేత్రమంటే ఏమిటి? కొల్లేటికి వెళ్లి చూడండి. గుర్రపుడెక్క దట్టంగా అల్లుకున్నచోట తాటిదోనె కదలాలంటే గడ వేసి బలంగా నెట్టాలి. పైన ఎగిరే గూడబాతుకి ఆ డెక్కతో పనే లేదు. ద్రవ్యరాశి ఉన్న కణం దోనెలాంటిది, కాంతి కణం గూడబాతులాంటిది. ఇది పోలిక మట్టుకే. డెక్క దోనెను ఆపేస్తుంది. హిగ్స్ క్షేత్రం కణాన్ని ఆపదు, దాని వేగం మార్చడాన్ని కష్టం చేస్తుంది.

◆ క్యాలిక్యులేటర్‌ని మోసగించిన లెక్క

అదే నల్లబల్ల మీద మరో వరుస: 3987¹² + 4365¹² = 4472¹². రెండుకు మించిన ఏ ఘాతానికీ పూర్ణసంఖ్యలతో ఇలాంటి సమానత్వం కుదరదని 17వ శతాబ్దంలో ఫెర్మా అన్నాడు. మూడు వందల యాభై ఏళ్లు దాటాక ఆండ్రూ వైల్స్ నిరూపించాడు. 1995లో ఆ నిరూపణ అచ్చయింది. మరి పది అంకెల క్యాలిక్యులేటర్‌లో కొడితే హోమర్ లెక్క సరిపోతుందే! ఎందుకంటే తేడా అంత చిన్నది. ఎడమవైపు మొత్తానికి 12వ మూలం 4472.000000007 దాకా వస్తుంది. అన్ని దశాంశాలు ఆ తెర మీద పట్టవు.

ఇప్పుడు బడిలో నేర్పిన అంకెల మొత్తం చూద్దాం. 3+9+8+7=27. 4+3+6+5=18. రెండూ మూడుతో భాగింపబడతాయి, కాబట్టి ఎడమవైపు మొత్తమూ భాగింపబడాలి. కుడివైపు 4+4+7+2=17. మూడుతో పోదు. దొంగ దొరికాడు!

1995 ఎపిసోడ్‌లో ఇంకోటుంది: 1782¹² + 1841¹² = 1922¹². సరిసంఖ్యకు బేసిసంఖ్య కలిపితే సరిసంఖ్య ఎలా వస్తుంది? దీనికి అంకెలు కూడాల్సిన పని కూడా లేదు.

◆ గారె బూరె అవుతుందా?

హోమర్ నల్లబల్ల అడుగున చిల్లున్న డోనట్ గోళంగా మారుతుంది. టోపాలజీ అనే గణితశాఖలో సాగదీయొచ్చు, నొక్కొచ్చు, తెంపకూడదు. ఆ నియమంతో గారె ఎన్నటికీ బూరె కాదు. హోమర్ మాత్రం కొరుక్కు తింటాడు. ఒక్క కొరుకుతో గారె చిల్లు తెగిపోయి, మిగిలిన ముక్క బూరెతో సమానమవుతుంది.

◆ లారీ వెనక 1729

రామానుజన్ గుర్తించిన 1729 (1³+12³=9³+10³) ఫ్యూచురామాలో అంతరిక్ష నౌక మీద కనిపిస్తుంది. అదే కార్టూన్లో బెండర్ అనే రోబో క్రమసంఖ్య 2716057, అతని జోడీ ఫ్లెక్సోది 3370318. మొదటిది 952³−951³, రెండోది 119³+119³. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో ఏ లారీ నంబరైనా ఇలా విడదీసి చూడండి, కాలం తెలియదు.

◆ పరకాయ ప్రవేశానికి సిద్ధాంతం

2010లో ఒక ఫ్యూచురామా ఎపిసోడ్‌లో పాత్రలు ఒకరి శరీరంలోకి ఒకరు మారిపోతారు. ఒకసారి మార్చుకున్న జంట మళ్లీ మార్చుకోవడం కుదరదు. మరి ఎవరి ఒంట్లోకి వాళ్లు ఎలా రావాలి? హార్వర్డ్‌లో గణిత డాక్టరేట్ చేసిన రచయిత కెన్ కీలర్ ఈ ఎపిసోడ్ కోసమే సిద్ధాంతం నిరూపించాడు: ఎంతమంది ఎలా కలగాపులగమైనా, కొత్తగా ఇద్దరు చేరితే చాలు.

◆ యాజలి నుంచి ఆల్బెర్టాకి

2006 సింప్సన్స్‌లో స్టేడియం తెర మీద ప్రేక్షకుల సంఖ్యను ఊహించమంటూ ఇచ్చే జవాబుల్లో మూడు సంఖ్యలుంటాయి: 8191, 8128, 8208. మొదటిది ప్రధాన సంఖ్య. మూడోది దాని అంకెల నాలుగో ఘాతాల మొత్తం. 8128 'పరిపూర్ణ సంఖ్య', అంటే తనను మినహాయించి తన భాజకాలన్నీ కూడితే అదే వస్తుంది. గుంటూరు ప్రాంతపు యాజలిలో పుట్టి కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయంలో పనిచేసిన మతుకుమల్లి వెంకట సుబ్బారావు, వారెన్ అనే గణితవేత్తతో కలిసి 1966లో వీటికి తోబుట్టువుల్లాంటి సంఖ్యలను పరిచయం చేశారు. 60ని ఉమ్మడి కారణాంకం లేని రెండు సంఖ్యల లబ్ధంగా రాస్తూ పోతే, 60ని మినహాయించి 1, 3, 4, 5, 12, 15, 20 దొరుకుతాయి. కూడితే 60! ఇలాంటివి ఇప్పటికి తెలిసినవి ఐదే.

◆ గొరగనమూడి స్వామి

భౌతికశాస్త్రం పెద్ద చదువు కామెడీతోనే కాదు, సన్యాసంతోనూ జతకట్టింది. భీమవరం దగ్గరి గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు సన్యసించి స్వామి జ్ఞానానంద అయ్యారు. హిమాలయాల్లో తపస్సు చేశారు, ప్రాగ్‌లో ఎక్స్-కిరణాల మీద డాక్టరేట్ పొందారు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతికశాస్త్ర పరిశోధనకు పునాది వేశారు.

◆ పద్యంలో దాగిన ఇరవై అంకెలు

వినోదంలో లెక్క దాచే విద్య మనకు కొత్తది కాదు. ఏలూరు పక్కనే ఉన్న పెదవేగి ఒకప్పటి వేంగి. ఆ వేంగి చాళుక్యుల వంశీకుడైన రాజరాజనరేంద్రుడి కాలంలో, 11వ శతాబ్దంలో, పావులూరి మల్లన మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగు చేశాడు. ఆయనదిగా చెప్పే ఒక పద్యంలో చదరంగపు 64 గళ్లలో ఒకటి, రెండు, నాలుగు అని రెట్టిస్తూ పోతే వచ్చే మొత్తముంది. అందులో అంకెలు కనిపించవు, మాటలే ఉంటాయి. శర అంటే 5, శశి 1, అగ్ని 3, వేద 4, గిరి 7, కుంజర 8. చివరి మాట నుంచి వెనక్కి చదివితే 18446744073709551615.

సరిచూస్తారా? రెండు ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6 అని తిరుగుతాయి. 64వ దానికి చివర 6. మొత్తం దానికంటే ఒకటి తక్కువ, కాబట్టి చివరి అంకె 5 కావాలి. పద్యం మొదలయ్యే మాట 'శర'!