మెకాంగ్ డెల్టా వరి పొలాల్లోకి ఉప్పునీరు ఎందుకొస్తోంది?

కోనసీమ, దివిసీమ రైతులకు ఉప్పునీటి బాధ కొత్త కాదు. వియత్నాంలోని మెకాంగ్ డెల్టా రైతులదీ అదే బాధ. కాకపోతే వాళ్ల నది ఆరు దేశాలది. మ్యాప్ పై వీడియోలో చూపించాను, కారణాలు ఇక్కడ వివరంగా రాస్తున్నా.

మెకాంగ్ టిబెట్ పీఠభూమిలో పుట్టి చైనా, మయన్మార్, లావోస్, థాయ్‌లాండ్, కంబోడియా మీదుగా వియత్నాం చేరి సముద్రంలో కలుస్తుంది. వియత్నాం వరిలో సగానికి పైగా ఈ డెల్టాలోనే పండుతుంది. డెల్టా అంటే నది మోసుకొచ్చిన ఒండ్రే. ఏటా కొత్త ఒండ్రు పడితేనే ఆ నేల నిలుస్తుంది.

డ్యాములు: చైనాలో ప్రధాన నది మీదే కనీసం 11 పెద్ద డ్యాములున్నాయి. లావోస్‌లో సయబురి 2019లో మొదలైంది. కరెంటు తీశాక నీళ్లు కిందికొస్తాయి, ఒండ్రులో చాలా భాగం మాత్రం రిజర్వాయర్‌లోనే ఉండిపోతుంది.

ఇసుక తవ్వకం: కంబోడియా, వియత్నాంలలో ఇసుక తోడేకొద్దీ నది అడుగు లోతవుతోంది. దాంతో పోటు సమయంలో సముద్రపు నీరు సులువుగా ఎగదన్నుతుంది.

బోర్లు: భూగర్భజలం తోడేస్తే మెత్తటి ఒండ్రు నేల కుంగుతుంది. సముద్రం పెరిగే వేగం కన్నా నేల దిగే వేగమే చాలాచోట్ల ఎక్కువ.

వాతావరణం: 2015-16 ఎల్ నినో కరువులో నదిలో నీళ్లు తగ్గి, కొన్నిచోట్ల ఉప్పునీరు 90 కి.మీ. లోపలికొచ్చింది. 2019-20లో మళ్లీ అదే పరిస్థితి.

1995లో ఏర్పడ్డ మెకాంగ్ నదీ కమిషన్‌లో నాలుగు దేశాలే సభ్యులు. పైనున్న చైనా, మయన్మార్ చర్చల్లో భాగస్వాములు మాత్రమే.

మరి రైతులేం చేస్తున్నారు? తీరప్రాంతాల్లో చాలామంది ఎండాకాలం రొయ్యలు, వానాకాలం అదే పొలంలో వరి వేస్తున్నారు. రొయ్యల వ్యర్థాలు వరికి ఎరువవుతాయి. అయితే వరి నాటేముందు తొలకరి వానలతో ఉప్పు కడగాలి. వాన ఆలస్యమైతే వరి పోతుంది.

ప్రకృతి వ్యవసాయం చేసే మనం ఒకటి గుర్తుంచుకోవాలి. జీవామృతం ఎంత పోసినా నేలలో ఉప్పు పోదు. అది కడగడానికి మంచినీళ్లు, బయటికి పంపడానికి మురుగుకాల్వ కావాలి. కాల్వ చివరి భూములవాళ్లు తూము ఎత్తేముందు ఈసీ మీటర్‌తో నీటిని పరీక్షించుకోండి. ఉప్పు ఎక్కువుంటే ఆ రోజు నీళ్లు పెట్టకండి.