పఠన ప్రభావ పరిశోధన: విద్యార్థికి మొదటి పాఠాలు

సాహిత్యం మనిషిని మారుస్తుందని మనం సులభంగా చెబుతాము. ఎవరిని, ఎంతవరకు, ఎంతకాలం అని అడిగినప్పుడే పరిశోధన ఆరంభమవుతుంది.

మొదటిది, పాఠకుణ్ణే అడగాలి. ఐ. ఎ. రిచర్డ్స్ కేంబ్రిడ్జిలో కవుల పేర్లు తెలుపకుండా పద్యాలిచ్చి, విద్యార్థుల స్పందనలను వ్రాయించుకొన్నాడు. వాటిని విశ్లేషిస్తూ 1929లో ‘ప్రాక్టికల్ క్రిటిసిజమ్’ ప్రచురించాడు. చదువుకొన్నవారు సైతం పద్యాలను ఎంతగా అపార్థం చేసుకొంటారో అందులో వెల్లడైంది.

రెండవది, ఒక్క ఫలితంతో తృప్తిపడకూడదు. సాహిత్య విలువగల కథను కొద్దిసేపు చదివినవారు ఇతరుల మనోభావాలను మెరుగుగా గ్రహించారని 2013లో కిడ్, కస్టానో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. ఇతరులు ఆ ప్రయోగాన్ని మరల జరిపి 2016లో ప్రచురించినప్పుడు ఆ ఫలితం కనబడలేదు.

కాబట్టి వేరొకటి చదివినవారితో పోల్చి చూడడం, తన ఊహకు విరుద్ధమైన జవాబును దాచక వ్రాయడం విద్యార్థి నేర్చుకోవాలి.

పరిశోధకుడు పాస్టరైతే మరొక చిక్కు ఉంది. సంఘస్థులు గౌరవం కొద్దీ ఆయనకు నచ్చే జవాబే ఇవ్వవచ్చు. పేరు వ్రాయనక్కరలేని ప్రశ్నాపత్రం ఇవ్వడం, దానిని వేరొకరిచేత సేకరింపజేయడం మేలు. మెప్పును ప్రభావమని లెక్కిస్తే మోసపోయేది మనమే.