పిల్లికి పెరుగన్నం చాలదు

పిల్లి ఆహారం పొట్లాన్ని వెనక్కి తిప్పి పదార్థాల పట్టీ చివరికంటా చదివితే, విటమిన్ల వరసలో ‘టారిన్’ అన్న పేరు కనిపిస్తుంది. పొడి ఆహారంలో ఇది కనీసం 0.1 శాతం ఉండాలని అమెరికా ప్రమాణాలు చెబుతాయి. అంటే కిలోకి ఒక గ్రాము. ఆ ఒక్క గ్రామూ కరవైతే పిల్లికి చూపు పోవచ్చు, గుండే దెబ్బతినవచ్చు.

టారిన్ అమైనో ఆమ్లాల కోవలోదే గానీ, వాటిలా ప్రొటీన్ల అల్లికలో చేరదు. గుండె, కండరాలు, మెదడు, కంటి రెటీనా కణాల్లో విడిగా ఉంటుంది. 1827లో టీడెమాన్, గ్మెలిన్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు ఎద్దు పిత్తరసం నుంచి దీన్ని వేరు చేశారు. గంధకం ఉన్న వేరే అమైనో ఆమ్లాల నుంచి మనుషులూ కుక్కలూ దీన్ని కొంతైనా తయారు చేసుకోగలరు. పిల్లి ఒంట్లో ఆ పని చేసే ఎంజైములు మరీ మందకొడి. రాబడి అంతంతమాత్రం, ఖర్చు మాత్రం ఆగదు. కొవ్వు అరగాలంటే కాలేయం పిత్తామ్లాలకు ఒక జోడీని కలిపి వదలాలి. మన కాలేయం గ్లైసిన్‌తోనైనా సరిపెట్టుకుంటుంది. పిల్లికి టారినే కావాలి, అందులో కొంత రోజూ మలంతో పోతుంది. ఎలుకనీ పిట్టనీ తిని బతికే జంతువుకు తిండిలోనే అది పుష్కలంగా దొరికేది.

కేసిన్ అనే పాల ప్రొటీన్ ఆధారంగా పెంచిన పిల్లుల్లో రెటీనా క్షీణించడానికి టారిన్ లోపమే కారణమని 1975లో ‘సైన్స్’ పత్రికలో వెల్లడైంది. గుండె సంగతి బయటపడటానికి ఇంకో పన్నెండేళ్లు పట్టింది. కాలిఫోర్నియాలోని డేవిస్‌లో పాల్ పియన్ బృందం, గుండె ఉబ్బి సరిగ్గా కొట్టుకోలేని పిల్లుల రక్తంలో టారిన్ బాగా తక్కువని గుర్తించింది. అవి తిన్నది బజారులో అమ్మే ఆహారమే! టారిన్ ఇవ్వగానే కొన్ని వారాల్లో గుండె పనితీరు మెరుగుపడింది. అప్పటిదాకా నయం కాదనుకున్న జబ్బు అది. కంపెనీలు మోతాదు పెంచాక ఆ జబ్బు చాలావరకు తగ్గిపోయింది. రెటీనా అలా కాదు, పాడైన భాగం తిరిగి రాదు.

డబ్బా ఆహారానికి ప్రమాణం 0.2 శాతం, రెట్టింపు. గట్టిగా వేడిచేసి డబ్బాలకెత్తిన తిండి పేగుల్లోకి చేరాక, అక్కడి బాక్టీరియా టారిన్‌ను ఎక్కువగా విరగ్గొట్టేస్తుంది.

మన ఇళ్లలో పాలన్నం, పెరుగన్నంతో పెరిగిన పిల్లులు బతకలేదా అని అడుగుతారు. బతికాయి, పెరట్లో ఎలుకల్నీ తొండల్నీ పట్టుకున్నాయి కాబట్టి. అయిదో అంతస్తు ఫ్లాటులో తలుపు దాటని పిల్లికి ఆ దారి లేదు. బియ్యంలోనూ పప్పులోనూ టారిన్ ఉండదు, ఆవు పాలలో ఉన్నది నామమాత్రం. లోపం నెలల తరబడి బయటికి కనిపించదు కూడా. కుక్కల దాణా పెట్టినా అంతే, అందులో టారిన్ కలపాలన్న నియమం లేదు. ఇంట్లో వండి పెట్టేవారు చేపలు ఉడికించిన నీళ్లు పారబోయకండి. టారిన్ నీళ్లలోకి దిగిపోతుంది, వాటిని ముక్కలతో కలిపే పెట్టండి. కోడి గుండెకాయలు దొరికితే ఇంకా మంచిది. రోజూ ఇంటి వంటే అయితే విడిగా టారిన్ ఎంత కలపాలో పశువైద్యుణ్ణి అడిగి తెలుసుకోండి.