నాలుగు చోట్ల ఉంటే నిజమైపోతుందా?

మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్లేసరికి అమ్మ బీపీ మాత్రలు మానేసి ఉంది. ఎందుకమ్మా అంటే, "కషాయం తాగితే మాత్రలు అక్కర్లేదటరా. నెట్‌లో నాలుగు చోట్ల చూశాను" అంది. నేనూ వెతికాను. నాలుగు చోట్లా అవే వాక్యాలు, అక్షరం పొల్లు పోకుండా! ఒకరు రాసింది మిగతావాళ్లు కాపీ కొట్టారంతే. వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ మాత్రలు మొదలుపెట్టించాను. కానీ తిరుగు ప్రయాణంలో ఒక ఆలోచన నన్ను వదల్లేదు. ఆఫీసులో కంప్యూటర్‌కి నేను నేర్పుతున్నదీ ఇదే కదా!

వెబ్ చదివి తనంతట తాను విషయాలు నేర్చుకునే ప్రోగ్రాముల్లో పేరున్నది ‘నెల్’. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో టామ్ మిచెల్ బృందం 2010 జనవరిలో దాన్ని మొదలుపెట్టింది. నగరాలు, కంపెనీలు, క్రీడలు... ఇలా వందల విభాగాలిచ్చి, ఒక్కోదానికి 10-15 ఉదాహరణలు చూపించి, ఇక చదువుకోమని వదిలేశారు. రాత్రీ పగలూ అదే పని.

కిటుకు చిన్నదే. "విజయవాడ, గుంటూరు వంటి నగరాలు" అన్న వాక్యం చూపిస్తే, ‘వంటి నగరాలు’ ముందు వచ్చేవన్నీ నగరాలేనని అది పసిగడుతుంది. కొత్త పేర్ల నుంచి కొత్త వాక్యాలు, వాటి నుంచి మళ్లీ కొత్త పేర్లు.

చిక్కల్లా ఒక్క తప్పు దూరితే దాని వెనక పది రావడం. కంప్యూటర్‌లో దాచే ‘కుకీ’లను నెల్ తినే బిస్కెట్లనుకుంది. కుకీలను డిలీట్ చేసినట్టే ఫైళ్లనూ డిలీట్ చేస్తారు కాబట్టి, ఫైళ్లు కూడా బేకరీ సరుకేనని తేల్చేసింది! చివరికి మనుషులే కలగజేసుకుని సరిదిద్దాల్సొచ్చింది.

నేను తెలుగులో ప్రయత్నిస్తే ఇంకో తమాషా. "చలికాలం వంటి నొప్పులు ఎక్కువ" అన్న వాక్యం చదివి, చలికాలం అనేది ఒక రకం నొప్పి అని రాసుకుంది నా ప్రోగ్రాము. ఒంటిని ‘వంటి’ అని రాస్తామని దానికేం తెలుసు?

నెల్ పోగేసిన వాటి సంఖ్య కొన్నేళ్లలో 12 కోట్లకు చేరింది. నాకు నచ్చిందేమిటంటే, దాన్ని తయారుచేసినవాళ్లు వాటిని ‘నిజాలు’ అనలేదు, ‘నమ్మకాలు’ అన్నారు. ప్రతిదాని పక్కనా ఎంతవరకు నమ్మొచ్చో ఒక అంకె ఉంటుంది.

ఊరి నుంచి రాగానే నా ప్రోగ్రాములో ఒక మార్పు చేశాను. ఒకే వాక్యం వంద చోట్ల కనిపించినా సాక్ష్యం ఒక్కటే. ఫోన్‌లో ఈ సంగతి చెబితే అమ్మ నవ్వింది.

"అయితే దానికీ నాలాగే పక్కన ఒకరుండి చెప్పాలన్నమాట."

"అవునమ్మా. ఇంతకీ మాత్ర వేసుకున్నావా?"