ఊటనీటి రంగు

చేపలు పట్టడానికో, పడవ షికారుకో కట్టుకున్న చిన్న చెరువైనా, కట్ట మట్టిదైతే నీటితో ముప్పు రెండు విధాలు. నీరు కట్ట మీంచి పొర్లవచ్చు, లేదా కట్టను లోపలినుంచి తొలిచేయవచ్చు.

పొర్లకుండా కాపాడేది అలుగు, అంటే ఎక్కువైన నీరు బయటికి పోయే దారి. తెలంగాణలో మత్తడి అంటారు. వానలకు ముందే దానికి అడ్డంపడిన తుప్పలు, కొమ్మలు తీసేయాలి. చేపలు బయటికి పోకుండా జాలీ బిగిస్తే వరదలో చెత్తంతా దానికే పట్టి దారి మూసుకుపోతుంది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో సంపన్నుల విహార క్లబ్బు చేతిలో ఉన్న సౌత్ ఫోర్క్ కట్టకు జరిగింది ఇదే. పైగా అడుగు తూము గొట్టాలను అంతకుముందే పీకేశారు కాబట్టి నీటిమట్టం తగ్గించే వీలూ లేకపోయింది. 1889 మే 31న ఆ కట్టకు గండి పడి, జాన్స్‌టౌన్ మీద విరుచుకుపడ్డ వరదలో 2,209 మంది చనిపోయారు.

రెండో ముప్పు కంటికి ఆనదు. మట్టికట్ట ఎంతో కొంత ఊరుతూనే ఉంటుంది. ఊట తేటగా, ఎప్పటంతే వస్తుంటే కంగారు లేదు. ఆ నీటిని గాజుగ్లాసులో పట్టి కదపకుండా ఉంచినప్పుడు అడుగున మన్ను పేరుకుందా, కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తున్నట్టే. బుంగ పడుతోందన్నమాట. వెంటనే దిగువనున్నవాళ్లను హెచ్చరించి, ఇంజనీరును పిలిపించి, ఆయన చెప్పిన చొప్పున నీరు తగ్గించాలి. మరీ వేగంగా తగ్గిస్తే లోపలి వాలు జారిపోతుంది. ఊట నోటిని బంకమట్టితో బిగించేయడం పెద్ద పొరపాటు, నీరు మరోచోట తన్నుకొస్తుంది. ఇసుక, దానిపై కంకర వేస్తే నీరు పోతుంది, మట్టి నిలుస్తుంది.

నీడ బాగుంటుందని కట్ట మీద చెట్లు పెరగనివ్వకూడదు. చచ్చిన వేరు కుళ్లితే నీటికి తయారుగా ఉన్న గొట్టమే. పొట్టిగా కోసిన గడ్డి చాలు. ఊటలూ, ఎలుక బొరియలూ, పగుళ్లూ అందులోనే కనబడతాయి.

అమెరికాలోనే జార్జియా రాష్ట్రంలో టకోవా జలపాతం పైనున్న కెల్లీ బార్న్స్ కట్ట సుమారు 40 అడుగుల ఎత్తుది. 1957 వరకు కింది బైబిల్ కళాశాలకు కరెంటు ఇచ్చి, తరవాత విహారానికే మిగిలింది. దాని బయటి వాలు నిటారుగా ఉండేది, దాని మీద చెట్లు మొలిచాయి, 1973లో ఒకచోట జారింది కూడా. 1977 నవంబరు 6న, భారీ వానల తరవాత, అర్ధరాత్రి దాటాక తెగింది. కళాశాల ఆవరణలో నిద్రలో ఉన్నవాళ్ల మీదికి నీరు వచ్చింది. 39 మంది చనిపోయారు. దర్యాప్తులో ఏదో ఒక్క కారణం తేలలేదు. వాలు జారడం, లోపల మట్టి కొట్టుకుపోవడం వంటివి కలిసి దెబ్బతీసి ఉంటాయన్నారు. ఆ ప్రమాదం తరవాతే అమెరికా అధ్యక్షుడు కార్టర్ ఫెడరల్ ప్రభుత్వానివి కాని ఆనకట్టల తనిఖీకి ఆదేశించాడు, 1978లో జార్జియా ఆనకట్టల భద్రతా చట్టం తెచ్చింది.