పాకం చూచిన చేయి

బోధనులో చక్కెర కర్మాగారమున పనిచేసిన వృద్ధులను పలుకరించినచో, వారి మాటలలో “పాను” అను పదం తరచుగా వినవచ్చును. ఇది వంటింటి పాత్ర కాదు. మనిషికి రెండు మూడు రెట్ల ఎత్తున, నలువైపుల మూసియుండు ఇనుప పాత్ర. అట్టి పాను ముందు ముప్పదియేండ్లకు పైగా నిలిచిన ఒక పెద్దాయనను ఇటీవల ఒక కార్యక్రమం కొరకు కలిసికొన్నాను. ఆయనకు డెబ్బదియారేండ్లు. పేరు చెప్పవద్దని కోరినారు గనుక చెప్పను. ఒక్క జీవితంలో ఆయన మూడు తరముల యంత్రములను చూచినారు, మూడు వృత్తులు మారినారు.

మంజీర నదిపై నిజాంసాగరు ఆనకట్ట 1931లో పూర్తియైనది. ఆ కాలువ నీటితో చెరకు విస్తరించగా, 1937లో బోధను ప్రక్కన నిజాం చక్కెర కర్మాగారం వెలసినది. దాని చుట్టును పుట్టిన ఊరే శక్కర్‌నగర్. అయినను పల్లెలలో బెల్లపు పొయ్యిలు ఆరిపోలేదు. పెద్దాయన బాల్యం ఆ పొయ్యిల వద్దనే గడిచినది. ఎద్దులు గానుగ త్రిప్పుచుండగా తండ్రి పెనంలో రసం కాచెడివాడు. కాగు పాకమును చల్లని నీటిలో ఒక బొట్టు వేసి, వ్రేళ్ళతో ఉండ కట్టి చూచెడివాడు. ఉండ నిలిచినచో దింపవలెను. క్షణం ఆలస్యమైనచో మాడును.

ఇరువది యేండ్ల వయస్సున ఆయన కర్మాగారంలో చేరినారు. అక్కడను చెరకు రసమే, పాకమే. కాని పద్ధతి వేరు. బెల్లపు పాకం 118 డిగ్రీల సెంటిగ్రేడు దాకా కాగును. అంత వేడికి చక్కెరలో కొంత విరిగి, పలుకు కట్టని వేరు చక్కెరలుగా మారును. రంగు కూడ నల్లబడును. బెల్లమునకు అది దోషం కాదు, మనము మెచ్చు రుచిలో కొంత దానిదే. తెల్లని పలుకు చక్కెరకు మాత్రం పనికిరాదు. దీనికి ఉపాయమును 1813లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ హొవార్డ్ అను రసాయన శాస్త్రవేత్త కనిపెట్టినాడు. పాత్రను మూసి, లోపలి గాలిని పంపుతో తోడివేసినచో, పాకం 60, 70 డిగ్రీలకే మరుగును. కొండ శిఖరమున నీరు తక్కువ వేడికే మరుగునట్లని శ్రోతలు ఊహించుకొనవచ్చును.

మూసిన పాత్రలోనికి తొంగిచూచుట ఎట్లు? దానికొక గాజు కిటికీ, నమూనా తీయుటకు ఒక ఇనుప కడ్డీ ఉండును. పాను పనివాడు కడ్డీని లోపలికి త్రోసి, బయటికి లాగి, దానిపై వచ్చిన పాకమును గాజుపలకపై పరచి, దీపమునకు ఎదురుగా పట్టి చూచును. బొటనవ్రేలికి, చూపుడువ్రేలికి నడుమ తీగ సాగదీయును. పలుకు పుట్టునప్పుడు పాకం పలుచగా ఉన్నచో పలుకు కరగిపోవును. మరీ చిక్కనైనచో కోరని సన్నపలుకు పుట్టుకవచ్చి, తరువాత చిల్లుల తొట్టెలో గిరగిర త్రిప్పినను మొలాసిస్ వదలదు. తండ్రి నీటి గిన్నెలో చూచిన దానినే కొడుకు గాజుపలకపై చూచినాడనుకొన్నాను నేను.

“గేజి తప్పు జూపిస్తది గని సారూ, పాకం అబద్ధమాడదు” అన్నారాయన. గేజీలపై ఆయనకు ద్వేషమేమియు లేదు. క్రొత్త కొలమానములు వచ్చినప్పుడెల్ల ముందుగా నేర్చుకొన్నది తానేనని కొంత గర్వముగానే చెప్పినారు. వ్రేళ్ళతో చూచిన దానిని గేజితో సరిపోల్చెడివారట.

2002లో కర్మాగారం ప్రైవేటు భాగస్వామ్యంలోనికి మారినప్పుడు ఆయన ఉద్యోగం విడిచినారు. అప్పటికి ఏబది దాటినవి. ఆ వయస్సులో మరొక పని వెదకుకొనుట ఎంత కష్టమో ఆయన ఎక్కువ చెప్పలేదు. ఇంటిలోని వారు చెప్పినారు. చేతిలో ఉన్న విద్యను అడుగువారు కనబడలేదు, అంతే.

కొన్నేండ్ల తరువాత పసుపు పిలిచినది. నిజామాబాదు, ఆర్మూరు ప్రాంతముల రైతులు పూర్వం పెద్ద ఇనుప కడాయిలలో నీరు పోసి, పసుపు ఆకులు కప్పి దుంపలను ఉడికించెడివారు. తరువాత ఆవిరి బాయిలర్లు వచ్చినవి. ఒక తొట్టి నీటిని కాచి, ఆ ఆవిరిని దుంపలున్న డ్రమ్ములలోనికి పంపును. ఆవిరి, వాల్వు, ఒత్తిడి పెద్దాయనకు పాత చుట్టములే. బాయిలరు నడుపుటకు కుదిరినారు. దుంప ఉడికినదో లేదో తెలియుటకు పుల్ల గ్రుచ్చవలెను, వాసన పట్టవలెను. ఎక్కువ ఉడికినచో రంగు చెడును, తక్కువైనచో దుంప సమముగా ఎండదు. మరల చేతి పనియే.

2016 ఏప్రిలులో ప్రారంభమైన జాతీయ ఎలక్ట్రానిక్ వ్యవసాయ విపణిలో నిజామాబాదు మార్కెట్టు తొలి జాబితాలోనే చేరినది. పసుపు ధర ఇప్పుడు కంప్యూటరు తెరపై తేలుచున్నది. మనుమడు ఫోనులో ఆ నాటి ధర చూపగా, పెద్దాయన ముందు కళ్ళజోడు సవరించుకొని, తరువాత పసుపు కొమ్మును విరిచి లోపలి రంగు చూచుచున్నారు.

కర్మాగారం 2015 డిసెంబరులో లాకౌటు అయినది. దానిని పునరుద్ధరించు మార్గము సూచించుటకు 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఒక సంఘమును నియమించినది. పాకపు చిక్కదనమును తామే కొలిచి, తామే సరిదిద్దుకొను పానులు నేటి కర్మాగారములలో ఉన్నవి. తిరిగి తెరిచినచో పోదురా అని అడిగితిని.

“నన్నెవరు పిలుస్తరు సారూ? గిప్పుడు కంప్యూటరే పాకం జూస్తదట” అని కొంతసేపు ఊరకున్నారు. తరువాత బొటనవ్రేలిని చూపుడువ్రేలితో రాచి చూచుకొనుచు, “గా గాజుపలక ఒక్కటి నా చేతికియ్యమనుండ్రి. అది జూసినంక నేను గూడ జూస్త” అన్నారు.